లాంగ్ బెల్ తర్వాత



పల్నాడులో బడికి వెళ్ళే పిల్లల రోజు ఎలా గడుస్తుందో ఇవాళ కాసేపు మాట్లాడుకుందాం. నరసరావుపేటలోనో, మాచర్లలోనో, గురజాలలోనో ఏదో ఒక హైస్కూల్లో ఎనిమిదో తరగతి గదిలోకి వెళ్ళండి. అందరిదీ ఒకే యూనిఫాం. అందరికీ ఒకే లెక్కల మాస్టారు, ఒకే నల్లబల్ల. సాయంత్రం దాకా వీళ్ళలో ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో పోల్చుకోలేం. లాంగ్ బెల్ కొట్టగానే తరగతి రెండు పాయలవుతుంది. కొందరు పుస్తకాల సంచీ భుజాన వేసుకుని బస్టాండు వైపు పరుగెడతారు. కొందరు జట్లు జట్లుగా సంక్షేమ హాస్టల్ గేటు దారి పడతారు. మొదటివాళ్ళు డే స్కాలర్లు, రెండోవాళ్ళు హాస్టల్ పిల్లలు.

నా ఉద్యోగమంతా ఈ రెండు రకాల పిల్లల మధ్యే గడిచింది. బడిలో మేం చెప్పే పాఠం ఇద్దరికీ ఒకటే. వాళ్ళ చదువులో తేడా వచ్చేది లాంగ్ బెల్ నుంచి మర్నాడు ఫస్ట్ బెల్ దాకా ఉండే పదిహేడు గంటల్లో. ఆ గంటలు ఎవరి చేతిలో ఉన్నాయో, వాటిని ఎలా వాడుతున్నారో చూస్తే పిల్లవాడి రోజు ఏమిటో అర్థమవుతుంది. నేను చెప్పదలచింది ఆ గంటల గురించే.

బడిలోనే ఉండి చదువుకోవడం పల్నాడుకు కొత్త కాదు. నాగార్జునసాగర్ కట్టే రోజుల్లో, నీళ్ళలో మునిగిపోబోతున్న నాగార్జునకొండ లోయను 1954 నుంచి 1960 దాకా తవ్వారు. బయటపడిన కట్టడాల్లో కొన్నింటిని తెచ్చి మాచర్ల అవతల అనుపులో మళ్ళీ నిలబెట్టారు. ఇక్ష్వాకుల కాలం, అంటే మూడో శతాబ్దం నాటి బౌద్ధ విహారాలవి. మధ్యలో మండపం, చుట్టూ వరుసగా చిన్న చిన్న గదులు. లోయలోని విహారాలకు భోజనశాలలు కూడా ఉండేవి. బోధిశ్రీ అనే ఉపాసిక వేయించిన శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, తామ్రపర్ణి లాంటి దేశాల పేర్లు, ఆ దేశాలవారికి ధర్మం బోధించిన ఆచార్యుల ప్రస్తావన ఉన్నాయి. మా పిల్లల్ని అక్కడికి విహారయాత్రకు తీసుకువెళ్ళినప్పుడు ఒక హాస్టల్ కుర్రవాడు ఆ గదుల పునాదులన్నీ లెక్కపెట్టి వచ్చి, "ఇక్కడ కూడా వార్డెన్ ఉండేవాడా సార్?" అని అడిగాడు. "ఉండే ఉంటాడురా, ఇంతమందికి వేళకు అన్నం పెట్టాలంటే ఎవరో ఒకరు చూసుకోవాలి గదా" అన్నాను. వాడికి ఆ జవాబు నచ్చింది. ఆ అనుపుకు దగ్గర్లోనే విజయపురి సౌత్‌లో ఇప్పుడు ప్రభుత్వ గురుకుల జూనియర్ కళాశాల, డిగ్రీ కళాశాల నడుస్తున్నాయి. ఎక్కడెక్కడి జిల్లాల నుంచో పిల్లలు ప్రవేశపరీక్ష రాసి సీటు తెచ్చుకుని వస్తారు.

మన కాలపు గురుకులాలకు 1971 మొదలు. పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా ఉండగా నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల పెట్టారు. మరుసటి ఏడే మన పాత గుంటూరు జిల్లా తాడికొండలో ఒకటి, అనంతపురం జిల్లా కొడిగెనహళ్ళిలో ఒకటి వచ్చాయి. పల్లెటూరి పేదపిల్లవాడు తెలివైనవాడైతే వాడికి తిండీ బట్టా పుస్తకాలూ ఇచ్చి, మాస్టార్లను కూడా అక్కడే కాపురముంచి చదివిస్తే ఏమవుతుందో ఆ బళ్ళు చూపించాయి. ఆ తర్వాత 1986 జాతీయ విద్యావిధానంతో నవోదయ విద్యాలయాలొచ్చాయి. మన పల్నాడు జిల్లాలో నవోదయ చిలకలూరిపేట మండలం మద్దిరాలలో ఉంది. ఆరో తరగతికి పరీక్ష రాయాలి, సీట్లలో కనీసం ముప్పావు వంతు పల్లెటూరి పిల్లలకే, మూడో వంతు ఆడపిల్లలకు. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి కొంతమందిని ఏడాది పాటు హిందీ మాట్లాడే ప్రాంతంలోని నవోదయకు పంపుతారు, అక్కడివాళ్ళు ఇక్కడికి వస్తారు. మిరపచేల మధ్య పెరిగిన పిల్ల పద్నాలుగేళ్ళకు రెండు రోజులు రైల్లో ప్రయాణం చేసి, రొట్టె తినడం, చలికి స్వెట్టర్ వేసుకోవడం నేర్చుకుని వస్తుంది. అంత చిన్న వయసులో అంత దూరమా అని తల్లులు కన్నీళ్ళు పెట్టుకోవడం చూశాను. తిరిగొచ్చిన పిల్లల నడకలో ధీమా కూడా చూశాను.

సాంఘిక సంక్షేమ, గిరిజన సంక్షేమ, బి.సి. హాస్టళ్ళ సంగతి వేరు. గురుకులంలో బడీ పడకా ఒకే ప్రహరీలో ఉంటాయి. హాస్టల్ పిల్లలకు అక్కడ పడుకోవడం, తినడం మాత్రమే. చదువుకు ఊళ్ళోని జిల్లా పరిషత్ హైస్కూలుకు వెళ్ళాలి. అందుకే డే స్కాలరూ హాస్టల్ పిల్లవాడూ ఒకే బెంచీ మీద కూర్చునేది అక్కడ. నేను ఎక్కువ చూసింది వాళ్ళనే.

జూన్‌లో హాస్టల్‌లో చేర్పించే రోజుల్లో నరసరావుపేటలోనో పిడుగురాళ్ళలోనో స్టీలు సామాన్ల కొట్టు ముందు కాసేపు నిలబడితే ఈ చదువు ఎంత కష్టం మీద మొదలవుతుందో తెలుస్తుంది. తల్లి ఒక కంచం, ఒక గ్లాసు, ఒక బకెట్టు, మగ్గు కొంటుంది. ట్రంకుపెట్టె బేరమాడుతుంది, చిన్న తాళం కొంటుంది. కంచం మీద పేరు కొట్టించమని కొట్టువాణ్ణి అడుగుతుంది. వాడు చిన్న మిషను పెట్టి టకటకా చుక్కల్లో పేరు చెక్కుతుంటే పిల్లవాడు వంగి చూస్తుంటాడు. ఇంటిపేరు కూడా కొట్టు అంటుంది తల్లి, హాస్టల్‌లో అదే పేరు గలవాళ్ళు ఇంకా ఉంటారని. ఆ కంచం ఐదేళ్ళు వాడతాడు. పదో తరగతి అయ్యాక సొట్టలు పడి, అంచు అరిగి, పేరు మాత్రం అలాగే మిగిలి ఇంటికి వస్తుంది. కొన్ని ఇళ్ళల్లో ఆ కంచంలో ఆ పిల్లవాడికి తప్ప ఇంకెవరికీ అన్నం పెట్టరు.

హాస్టల్‌లో ఐదుకు బెల్లు. దుప్పటి మడత పెట్టాలి, చాప చుట్టాలి. మన దగ్గర గచ్చు అంటే ఎక్కువ చోట్ల నాపరాళ్ళే. చలికాలం ఆ రాతి మీద చాప వేసుకుని పడుకున్న పిల్లలకు ఐదింటికి లేవడం కంటే రాత్రి నిద్రపట్టడమే కష్టం. పంపుల దగ్గర వరుస. నీళ్ళు రాని రోజు బోరింగు దగ్గర వరుస. కాసేపు చదువు, తర్వాత టిఫిను, ఎనిమిదిన్నరకల్లా యూనిఫాం వేసుకుని బయల్దేరాలి. ఈ మధ్యలో కామాటి పెట్టే కేక, వాచ్‌మన్ గేటు తీసే చప్పుడు, ఇస్త్రీ లేని చొక్కాను చాప కింద పెట్టి నలగకుండా తీసిన పెద్ద క్లాసువాడి గర్వం, అన్నీ ఉంటాయి.

రాత్రి భోజనం దగ్గర పంక్తి చూడాలి. పేర్లు కొట్టించిన కంచాలు ఒకదాని పక్కన ఒకటి. తండా పిల్లవాడు, మాలపల్లె పిల్లవాడు, వడ్డెర పిల్లవాడు, చేపలు పట్టేవాళ్ళ పిల్లవాడు. అదే గిన్నెలోంచి అన్నం, అదే గరిటెతో పప్పు. పల్నాటి వాళ్ళకు ఈ దృశ్యం చూడగానే చాపకూడు గుర్తొస్తుంది. బ్రహ్మనాయుడు మాచర్లలో అన్ని కులాలవాళ్ళనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టించాడని వీరగాథ చెప్పేవాళ్ళు తరతరాలుగా చెబుతున్నారు. కారంపూడిలో కార్తిక మాసంలో జరిగే వీరుల ఉత్సవాల్లో మందపోరు నాడు ఇప్పటికీ చాపకూడు జరుపుతారు. ఏడాదికొకసారి మనం ఉత్సవంగా చేసుకునే పనిని ఆ పిల్లలు రోజూ రాత్రి చేస్తున్నారు. ఈ నేల మీద ఇది తేలిగ్గా వచ్చింది కాదు. గుర్రం జాషువాగారు మన వినుకొండలోనే 1895లో పుట్టారు. బడిలో చదువుకునేటప్పుడూ ఊళ్ళో బతికేటప్పుడూ కులం పేరిట ఆయన పడిన అవమానాలు తెలుగువాళ్ళందరికీ తెలిసినవే. ఆయన పుట్టకముందే, 1849లో, లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు నుంచి గురజాల చేరి పల్నాటి పల్లెల్లో బడులు పెట్టించాడు. ఎవరి పిల్లలకు ఊరి బడి గుమ్మం దాటే వీల్లేదో వాళ్ళ పిల్లలకు అక్షరం అందించిన పని అది. అక్కడి నుంచి ఇక్కడి పంక్తి దాకా రావడానికి ఎంతమంది ఎంత పోరాడారో తలుచుకుంటే, హాస్టల్‌లో అన్నం మాడిందన్నా పప్పు నీళ్ళయిందన్నా నాకు మామూలు కంటే ఎక్కువ బాధ కలుగుతుంది. ఆ పంక్తిలో కూర్చున్నవాళ్ళకు మంచి అన్నం పెట్టడం మన బాధ్యత.

పచ్చడి సంగతి చెప్పకపోతే హాస్టల్ కథ పూర్తికాదు. ఇంటి నుంచి వచ్చేటప్పుడు తల్లి సీసా నిండా పండుమిరపకాయ పచ్చడో గోంగూరో పెట్టి ఇస్తుంది. నెలంతా రావాలని చెప్పి పంపుతుంది. రెండు పూటల్లో అయిపోతుంది. పెట్టెకు తాళం వేసుకుని ఒక్కడే తినే పిల్లవాణ్ణి మిగతావాళ్ళు పది రోజులు పలకరించరు. వార్డెన్ చెప్పకుండానే పిల్లలు పెట్టుకున్న చట్టం అది.

ఆదివారం ఫోను రోజు. వార్డెన్ గదిలో ఒక ఫోను, బయట వరుస. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. బయట కూర్చుని వింటే తెలుస్తుంది, చదువు మాట ఎవరూ ఎత్తరు. "అన్నం తిన్నావా?" "తిన్నా." "ఏం కూర?" "కోడిగుడ్డు." "నాయన పొలానికి పోయాడా?" "పోయాడు." "బర్రె ఈనిందా?" "ఈనింది నాయనా, మొన్న బేస్తవారం." "పెయ్యా, దున్నా?" అంతలో వెనకవాడు తొందరపెడతాడు. ఆరో తరగతి పిల్లవాడు ఫోను పెట్టేసి, మొహం కడుక్కునే నెపంతో పంపు దగ్గరికి వెళతాడు. చేరిన కొత్తలో ఆ బెంగ నెలా రెండు నెలలుంటుంది. అప్పుడు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఆ దూడ రంగేమిటని అడిగే పెద్దమనిషి ఒకరు హాస్టల్‌లో ఉంటే, ఆ పిల్లవాడు పారిపోడు. లేకపోతే దసరా సెలవులకు ఇంటికి వెళ్ళినవాడు తిరిగి రాడు. రాత్రిపూట వార్డెన్ హాస్టల్‌లోనే ఉండాలని నేను పట్టుబట్టి చెప్పేది ఇందుకే. పిల్లల లెక్క, సరుకుల లెక్క పగలు ఎవరైనా చూడగలరు. పిల్లవాడికి జ్వరం వచ్చేదీ బెంగ పుట్టేదీ రాత్రిపూట.

ఇక చదువు. హాస్టళ్ళలో పొద్దున స్టడీ అవర్, సాయంత్రం స్టడీ అవర్. వెలుతురు, పుస్తకం, పక్కన తనలాగే చదివే నలుగురు. పేదపిల్లవాడికి ఇంట్లో దొరకనివి ఇవి, హాస్టల్ ఇచ్చే పెద్ద వరం ఇదే. కానీ వరాన్ని కూడా మితిమీరి ఇవ్వకూడదు. పట్టణాల్లో రెసిడెన్షియల్ అని బోర్డు పెట్టుకున్న ప్రైవేటు బళ్ళు కొన్ని చూశాను. పేర్లు చెప్పను. అక్కడ పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా చదువే. ఆట స్థలం లేదు, ఉన్నా అందులో బస్సులు నిలిపి ఉంటాయి. ఆదివారం పరీక్ష. తండ్రి పొలం తాకట్టు పెట్టి కట్టిన ఫీజు పిల్లవాడికి గుర్తుచేస్తుంటారు. పుస్తకం మీద తల వాల్చి నిద్రపోయే పిల్లల్ని లేపి నిలబెట్టి చదివిస్తారు. నిలబడి నిద్రపోవడం కూడా ఆ పిల్లలు నేర్చుకున్నారు. ఇది చదువు కాదని నేను ఏ వేదిక మీదైనా చెబుతాను. పన్నెండేళ్ళ పిల్లవాడికి సాయంత్రం గంటన్నర కబడ్డీ కావాలి, కథల పుస్తకం కావాలి, ఊరికే గోడ మీద కూర్చుని మాట్లాడుకునే స్నేహితుడు కావాలి. ఇంట్లో ఉంటే అవి అడక్కుండానే దొరుకుతాయి. హాస్టల్‌లో టైంటేబుల్ వేసి మరీ ఇవ్వాలి.

ఇప్పుడు బస్టాండు వైపు పరుగెత్తినవాళ్ళ దగ్గరికి వద్దాం.

డే స్కాలర్ ఇంట్లో అమ్మ పక్కన పడుకుంటాడు, వాడికేం కష్టం అనుకుంటాం. వెల్దుర్తి, బొల్లాపల్లి మండలాల్లో తండాల నుంచి హైస్కూలుకు వచ్చే పిల్లవాడి రోజు ఆర్టీసీ బస్సు చేతిలో ఉంటుంది. పాసు ఉంటుంది, బస్సు రావాలి. అది తప్పితే ఆటో, ఆటోలో పదిహేను మంది. ఆటో కూడా దొరకకపోతే నడక. బడికి చేరేసరికి ప్రార్థన అయిపోయి ఉంటుంది. సాయంత్రం సైన్స్ మాస్టారు కాసేపు ఉండండిరా అనుమానాలు చెబుతాను అంటే హాస్టల్ పిల్లలు ఉంటారు, వీడు ఉండలేడు. బస్సు పోతుంది. చాలా ఏళ్ళు నేను అడిగిన ప్రశ్నలకు చేతులెత్తింది ఎక్కువగా హాస్టల్ పిల్లలే. తెలివి వాళ్ళకు ఎక్కువుందని కాదు, నిన్న సాయంత్రం వాళ్ళు ఉన్నారు, వీళ్ళు లేరు.

ఇంటికి చేరాక సాయంత్రం పొలానిది. దసరా దాటగానే పత్తి తీతలు మొదలవుతాయి. సంక్రాంతి వెళ్ళాక మిరపకోతలు. కాయ కోసి కల్లంలో పోశాక తాలు ఏరాలి, అంటే రంగు పోయిన కాయల్ని వేరుచేయాలి. అది పెద్ద బలం అక్కర్లేని పని కాబట్టి ఆడవాళ్ళకూ పిల్లలకూ అప్పజెబుతారు. ఘాటుకు తుమ్ములు, దగ్గు, చేతులు మంట. ఆ చేత్తో కళ్ళు నులుముకుంటే ఆ రాత్రి పుస్తకం ముట్టే పనిలేదు. మిరపకోతలు ముమ్మరంగా సాగే మార్చిలోనే పదో తరగతి పరీక్షలు. తల్లిదండ్రుల్ని నేను తప్పుపట్టను. కోతకు కూలీలు దొరకని వారంలో ఇంట్లో ఉన్న ప్రతి చెయ్యీ కావాలి, కాయ చెట్టు మీద ఆగదు. కర్నూలు వైపు నుంచి వచ్చే వలస కూలీలైతే పిల్లల్ని వెంటబెట్టుకునే వస్తారు. ఆ పిల్లలు ఆ మూడు నెలలూ ఏ బడి రిజిస్టరులోనూ హాజరు కారు. అందుకే వాళ్ళ సొంత ఊళ్ళల్లో సీజనల్ హాస్టళ్ళు పెట్టి, తల్లిదండ్రులు వలస వెళ్ళిన కాలమంతా పిల్లల్ని అక్కడ ఉంచే ఏర్పాటు వచ్చింది. అది ఎంత బాగా నడిస్తే మన మిరపచేలల్లో పిల్లలు అంత తగ్గుతారు.

ఆడపిల్లకు మరొక బరువు ఉంది. ఇంటికి రాగానే అంట్లు, నీళ్ళు, తమ్ముడు. ఏడో తరగతి, ఎనిమిదో తరగతిలో ఒకరోజు మానేసిన పిల్ల వారం మానేస్తుంది, వారం మానేసిన పిల్ల ఇక రాదు. అలా బడి మానేసిన ఆడపిల్లల కోసమే 2004లో కేంద్రప్రభుత్వం కస్తూరిబా గాంధీ బాలికా విద్యాలయాలు తెచ్చింది. ఉండేది అక్కడే, చదివేది అక్కడే. మా బడి మానేసి ఏడాది పాటు పత్తి తీతకు వెళ్ళిన ఒక పిల్లను టీచర్లు ఇంటికి వెళ్ళి ఒప్పించి కస్తూరిబాలో చేర్పించారు. తండ్రి ఒప్పుకోవడానికి నాలుగైదుసార్లు తిరగాల్సి వచ్చింది. ఇప్పుడామె నర్సు. హాస్టల్‌లో ఉన్నన్నాళ్ళు పెళ్ళిమాట ఇంటి గుమ్మం దాటి లోపలికి రాలేదని ఆమే నాతో అంది. ఆడపిల్ల విషయంలో హాస్టల్ చేసే మేలు మార్కుల పట్టికలో కనపడదు.

మార్చి 15 ప్రాంతంలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. పొద్దున పావు తక్కువ ఎనిమిదికి బడి, పన్నెండున్నరకు అయిపోతుంది. రెంటచింతల ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఎండాకాలం వార్తలు వినే తెలుగువాళ్ళందరికీ ఆ పేరు తెలుసు. మధ్యాహ్న భోజనం తిని ఆ ఎండలో బస్సు కోసం నిలబడ్డ పిల్లవాడి పని కష్టం. స్లాబు కింద వేడెక్కిన డార్మెటరీలో పడుకున్న పిల్లవాడి పనీ కష్టమే. ఆ ఒంటిపూట రోజుల్లో ఇద్దరూ సమానం.

మధ్యాహ్న భోజనం అన్నాను గదా, డే స్కాలర్ల విషయంలో మనం చేసిన మంచిపని అది. అన్నం, గుడ్డు, చిక్కీ, రాగిజావ. పొద్దున ఏమీ తినకుండా బస్సెక్కే పిల్లలకు అది ఎంతో చెప్పలేను. మధ్యాహ్నం పిల్లవాడి కడుపు సంగతి బడి పట్టించుకోవాలని మనం ఒప్పుకున్నాం. ఇక సాయంత్రం చదువు సంగతి కూడా ఒప్పుకోవాలి.

దారి ఇప్పటికే సగం వేసి ఉంది. పదో తరగతి పరీక్షల ముందు రెండు మూడు నెలలు చాలా హైస్కూళ్ళలో సాయంత్రం స్టడీ అవర్లు పెడతారు. ఊళ్ళో దాతలెవరో గుగ్గిళ్ళో బిస్కెట్లో ఇస్తారు. ఆ రెండు నెలల్లోనే వెనకబెంచీ పిల్లలు ఎంత ముందుకు వస్తారో ప్రతి మాస్టారికీ తెలుసు. ఆ పని పదో తరగతికే ఎందుకు, మార్చి ముందే ఎందుకు? జూన్ నుంచే, ఆరో తరగతి నుంచే పెట్టవచ్చు. హైస్కూలు దాకా రాలేనివాళ్ళకు వాళ్ళ ఊరి ప్రాథమిక పాఠశాల గది ఉంది, లాంగ్ బెల్ తర్వాత తాళం వేసి ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది దాకా తెరిస్తే చాలు. ఒక లైటు, ఒక ఫ్యాను, మంచినీళ్ళ కుండ, ఒక పెద్దమనిషి. రిటైరైన టీచర్లు ప్రతి ఊళ్ళో ఒకరిద్దరున్నారు. డిగ్రీ చదివి ఇంటి దగ్గర పోటీపరీక్షలకు తయారవుతున్న కుర్రవాళ్ళూ ఉన్నారు, వాళ్ళకూ కూర్చునే చోటు కావాలి. పాఠం చెప్పనక్కర్లేదు, పక్కన కూర్చుని చదువుకుంటే చాలు.

ఈసారి మీ బడిలో తల్లిదండ్రుల కమిటీ కూర్చున్నప్పుడు ఈ మాట ఎత్తండి. గది తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి, చీకటిపడ్డాక ఆడపిల్లల్ని ఇళ్ళకు ఎవరు చేర్చాలి, హైస్కూలు ఊరి నుంచి ఆఖరి బస్సు ఎన్నింటికి కావాలని డిపో మేనేజరుకు అర్జీ ఎవరు రాయాలి. ఈ మూడూ ఆ రోజే తేల్చుకోండి. మీ పిల్లలు హాస్టల్‌లో ఉంటే ఈ ఆదివారం వెళ్ళినప్పుడు మార్కుల కంటే ముందు, రాత్రి హాస్టల్‌లో ఎవరుంటున్నారో, సాయంత్రం ఆడుకోనిస్తున్నారో లేదో అడగండి. ఒక సీసా కాకుండా రెండు సీసాల పచ్చడి పట్టుకెళ్ళండి.